కారం డబ్బా పక్కన ఫోన్

రాసుకో తల్లీ. ముందు మీ తాత చెవుల సంగతి రాయి. తక్కినదంతా అక్కడి నుంచే వస్తుంది.

మీ తాత ముప్పై ఆరేళ్లు డీజిల్ ఇంజను నడిపారు. ఆ మోత ఎలా ఉంటుందో నీకు తెలియదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి యార్డులో నిలిపి ఉన్న ఇంజనులోకి నన్ను ఎక్కించి చూపించారు. స్టార్ట్ చేయగానే నా పళ్లు కూడా కదిలాయి. దిగాక సాయంత్రం దాకా నా మాట నాకే వినపడలేదు. నాకు అది ఒక్క పూట. ఆయన జీవితమంతా దాంట్లోనే కూర్చున్నారు. రిటైరయ్యేనాటికి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం ఆ ఇంజనులోనే వదిలేసి ఇంటికొచ్చారు. ఆ సగం కూడా ఈ ఎనిమిదేళ్లలో పోయింది.

ఈ బెంగాలీల ఊళ్లో మన తాల్‌బగీచా ఇంట్లో మనం ఐదుగురం. పొద్దున్నే మీ అమ్మా నాన్నా డ్యూటీలకు వెళ్లిపోతారు, నువ్వు కాలేజీకి సైకిలెక్కుతావు. అప్పుడు మిగిలేది వరండాలో ఆయన, వంటింట్లో నేను, మధ్యలో ఒక గది. చెవులు వినపడని మనిషితో కాపురం ఎలా ఉంటుందంటే, చెప్పాల్సినవి మిగలవు. అరిచి చెప్పదగ్గ మాటలు రోజుకు పదికి మించి ఉండవు కదా. అన్నం పెట్టాను, మాత్ర వేసుకోండి, కరెంటు పోయింది. ఇవి అరవొచ్చు. ‘ఇవాళ మబ్బు భలే ఉంది’ అని ఎవరు అరుస్తారు? అందుకని ఆ చిన్న చిన్న మాటలన్నీ నేను దేవుడికి చెప్పుకునేదాన్ని. మనవాళ్లలో ప్రార్థన అంటే పుస్తకం చూసి చదివేది కాదు. పక్కింటి వదినతో మాట్లాడినట్టు మాట్లాడటమే. నేను బియ్యం కడుగుతూ, కూర తిప్పుతూ, గట్టిగానే చేస్తాను. ఇంట్లో వినే చెవులు లేవు కదా, మెల్లగా ఎందుకు?

“మామ్మా, కొంచెం ఆగు. బియ్యం దాకా ఒచ్చినాను.”

ఆగాను. ఊఁ, రాయి. ఇప్పుడు చర్చి సంగతి.

మన చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు కదా. మగవాళ్ల వైపు మూడో బెంచీలో, చివర, మీ తాత చోటు. వయసులో ఉన్నప్పటి ఆ గొంతు నువ్వు వినలేదు. బావిలోంచి వచ్చినట్టు ఉండేది. పాట మొదలైతే నేను ఇటు నుంచి ఆ గొంతునే పట్టుకుని పాడేదాన్ని. వినికిడి తగ్గాక కూడా పక్కవాళ్ల పెదాలు చూసి ఎలాగో నెట్టుకొచ్చారు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం, ఆఖరి చరణం అయిపోయింది, అందరూ ఆపేశారు. ఆయనకు తెలియలేదు. కళ్లు మూసుకుని పల్లవి మళ్లీ అందుకున్నారు. చర్చి అంతా నిశ్శబ్దం, ఆ ఒక్క గొంతు. ముందు పిల్లలు కిసుక్కుమన్నారు, తరవాత పెద్దవాళ్లు. ఆయన కళ్లు తెరిచి, చూసి, పాటల పుస్తకం మూసి కూర్చున్నారు. అప్పుడు నేనేం చేశానో తరవాత చెప్తాను. ఇప్పుడు చెప్పలేను.

ఆ తరవాతి ఆదివారం నుంచి ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రాలు మాత్రం ఆ మోకాళ్లే ప్రేమ్ బజార్ దాకా నడిచి వెళ్లి వచ్చేవి. నేను బ్యాటరీ బండి టోటో ఎక్కి ఒక్కదాన్నే చర్చికి వెళ్లేదాన్ని. ఆ మూడో బెంచీ చివర ఎవరూ కూర్చునేవారు కాదు. రెండేళ్లు ఆ ఖాళీని చూస్తూ పాడాను.

చెవి మిషన్లు పెట్టుకోమని ఎంత బతిమాలినా వినలేదు మీ తాత. ఈ వానాకాలం నువ్వే కదా ఆయన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రెండు మిషన్లతో వచ్చారు, చింతగింజల్లా ఉన్నాయి. ఆ సాయంత్రం నువ్వు నీ పాత ఫోను తాతకిచ్చి ఏవేవో నొక్కావు. ఫోన్లో క్రికెట్టు, బొమ్మేమో టీవీలోకి, మాటేమో తాత చెవుల్లోకి. గుర్తుందా? మేమందరం మూగ టీవీ ముందు కూర్చున్నాం. బంతి పోతుంది, చప్పుడు లేదు. జనం లేచి గంతులేస్తున్నారు, చప్పుడు లేదు. మధ్యలో మీ తాత ఒక్కరే, “అరె వా!” అని తొడ చరుచుకుంటున్నారు.

మీ నాన్న అన్నాడు: “ఎనిమిదేళ్లు మనం ఇన్నాం, ఆయన సూసినాడు. ఇప్పుడు ఆయన ఇంతన్నాడు, మనం సూద్దాం.”

ఆ మర్నాడు నువ్వు ఇంకో కిటుకు నేర్పావట. టీవీ లేకపోయినా ఆ ఫోనే మైకులా పనిచేస్తుందని, దాన్ని ఎక్కడ పెడితే అక్కడి మాట తాత చెవిలో పడుతుందని. నువ్వు ఆ ముక్క చెప్పినప్పుడు నేను పెరట్లో చేపలు తోముతున్నాను. నాకు తెలిసింది ఒక్కటే, ఆ ఫోను టీవీ మాట తాతకు వినిపిస్తుందని. టీవీ ఆపేస్తే అదీ నోరు మూసుకుంటుందనుకున్నాను. మిషన్లున్నా వంటింటి మాట వరండా దాకా వినపడదు కదా. ఈ కథంతా ఆ చేపల వల్లే.

రెండు రోజులు పోయాక, మీరంతా వెళ్లిపోయిన వేళ, మీ తాత ఆ ఫోను పట్టుకుని వంటింట్లోకొచ్చారు. కారం డబ్బా పక్కన ప్లగ్గు ఉంది కదా, అక్కడ గుచ్చారు.

“సార్జింగ్ పెట్టినాను. ముట్టుకోకు,” అన్నారు.

మర్నాడు అదే వేళకు మళ్లీ. ఆ మర్నాడూ అంతే. నేను చేతులు తిప్పుతూ అరిచాను: “ఏటండీ! రాత్రి పెట్టినారు కదా, మళ్లీ ఏటి సార్జింగు?”

“పాతదయిపోనాది, మనలాగే. బేగి దిగిపోతంది.”

సరేలే అనుకున్నాను. అప్పటి నుంచే మొదలైంది.

ఒక రోజు పప్పు మెదుపుతూ అన్నాను: “ప్రభువా, ఈ మనిషి పన్నెండు దాకా తానం సెయ్యడు. నీళ్లు కాసి, సల్లారి, మళ్లీ కాసి నా సేతులు పడిపోతన్నాయి. నా మాట ఎలాగూ ఇనపడదు. నువ్వయినా ఒక మాట సెప్పు.” మర్నాడు తొమ్మిదింటికల్లా మీ తాత తువ్వాలు భుజాన వేసుకుని తయారు. నేను గరిటె పట్టుకుని అలాగే చూశాను.

ఇంకో రోజు: “ప్రభువా, పూరీ గేట్ కాడ ఆలూ చాప్ తిని ఎన్నాళ్లయిపోనాదో. అడిగితే నూనె ఒద్దంటారు. నాను అడగడం నేదు, ఊరికే నీకు సెప్తన్నానంతే.” ఆ సాయంత్రం మీ తాత చేతిలో నూనె కారుతున్న కాగితం పొట్లం. రెండు ఆలూ చాప్‌లు, బేగుని అనే వంకాయ బజ్జీ ఒకటి, కాసిని ముడీలు, అదే మరమరాలు. “దారిలో కనిపించినాయి,” అన్నారు. ఆయన నడిచేది ప్రేమ్ బజార్ వైపు. పూరీ గేట్ దారిలో ఎలా వస్తుంది? అది కూడా నాకు తట్టలేదు. వేడిగా ఉన్నాయి, తినేశాను.

ఆ తరవాత కొళాయి. మూడు నెలలుగా వంటింటి కొళాయి బొట్టు బొట్టుగా కారుతోంది కదా. “రైలింజను నడిపిన సెయ్యి ఈ కొళాయి ఇప్పలేదేటి ప్రభువా?” అన్నాను. మర్నాడు స్పానరుతో వచ్చి, వాషరు మార్చి, వెళ్లి వరండాలో కూర్చున్నారు.

ఒకటి జరిగితే ఏదో అనుకోవచ్చు. మూడు జరిగాయి. నవ్వకు, రాయి. నీ వయసులో నువ్వు ఫోనును అనుమానిస్తావు. నా వయసులో నేను దేవుణ్ణి నమ్ముతాను.

ఆ గురువారం స్త్రీల కూడిక పాస్టరమ్మగారింట్లో. దేవుడు చేసిన మేలు లేచి నిలబడి చెప్పే సాక్ష్యాల వేళ వచ్చింది. నేను ఎప్పుడూ లేవని దాన్ని, లేచాను. “దేవుడు సముద్రాన్ని చీల్చాడని విన్నాను. మా ఇంట్లో వాషరు మార్చాడు,” అని మొదలుపెట్టి స్నానం, ఆలూ చాప్, కొళాయి వరసగా చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. కూడిక అయ్యాక, చర్చిలో నా పక్కన కూర్చునే వదిన ఉంది చూడు, మా రోజుల్లో రైల్వే ఆసుపత్రిలో పనిచేసిన ఆవిడ, ఆవిడ నన్ను పక్కకు లాగింది.

“ఒదినా, మా ఇంటాయన గురక గురించి కూడా నీ వంటింట్లో ఒక మాట ఎయ్యి.”

“ఓస్, అదెంత,” అన్నాను.

మర్నాడు వేశాను. నెరవేరలేదు. వాళ్లాయన గురక ఇంకా పెరిగిందట. నాకు అప్పుడైనా అనుమానం రావాలి. మన ఇంటి పనులన్నీ అవుతున్నాయి, వదిన ఇంటి గురక మాత్రం దేవుడి చేత కాలేదేమిటి అని. రాలేదు.

అదే ధైర్యంతో, ఆ మరుసటి వారం శనివారం పొద్దున్న, రెండేళ్లుగా నోటితో అడగనిది అడిగాను. అంతవరకూ అది లోపలే ఉంచుకున్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను, కాబట్టి ఏడ్చినా నాకు నేనే నచ్చజెప్పుకోవచ్చు.

“ప్రభువా, ఆయన్ని చర్చికి తోలుకురా. నాను అడగకూడదు, నాకు తెలుసు. ఆ రోజు అందరూ నవ్వినప్పుడు, పక్కనున్న ఒదిన నా మోకాలు పొడిసినప్పుడు, నానూ నవ్వినాను. పైట అడ్డం పెట్టుకుని నవ్వినాను. ముప్పై ఏళ్లు ఆ గొంతుకి గొంతు కలిపినదాన్ని. నాను కూడా ఆ పల్లవి అందుకునుంటే, ఇంకోసారి పాడినట్టుండేది. తప్పయ్యేది కాదు. నా ఒక్క గొంతు సాలును. నాను ఇయ్యలేదు. ఆయనకి ఇది సెప్పలేను ప్రభువా, ఇనపడదు కాబట్టి బతికిపోయినాను. యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ.”

“ఆమేన్!”

వరండాలోంచి. చర్చిలో వినపడేంత గట్టిగా.

పుట్టినప్పటి నుంచి ప్రార్థన ముగింపు చెవిన పడితే ఆమేన్ అన్న నోరది. మలుపు కనిపిస్తే హారను మీదకు చెయ్యి పోయినట్టు, దానంతటదే పోయింది. కావాలని అన్నది కాదు, ఆపుకోలేకపోయారు.

నేను కత్తిపీట మీద నుంచి లేచాను. కారం డబ్బా పక్కన ఫోను వెలుగుతోంది. దాని మీద ఒక పచ్చ గీత. “ఓలమ్మో,” అన్నాను. గీత లేచింది. “ఓలి నాయనో,” అన్నాను. మళ్లీ లేచింది.

ఉల్లిపాయ చేతులతోనే వరండాలోకి వెళ్లాను. మీ తాత పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

“ఎప్పుటి నుంచి?” అని అరిచాను.

“అరవకు. సెవులు పేలిపోతన్నాయి.”

“ఎప్పుటి నుంచండీ?”

“తానానికి ముందు నుంచి.”

“మరి సెప్పలేదేటి?”

“సెప్తే ఆపేద్దువు.”

“నాను అంతమందిలో లేసి సాక్ష్యం సెప్పినాను! వాషరు దేవుడు మార్సినాడని!”

“దేవుడే మార్సినాడు,” అన్నారు పేపరు దించకుండా. “స్పానరు నాది.”

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. కానీ నా నవ్వు సంగతి ఆయన ఇప్పుడే విన్నారు. దాని గురించి ఏమైనా అంటారేమో, తిడతారేమో అని అక్కడే నిలబడ్డాను. ఆయన పేపరు ఒక పేజీ తిప్పారు. నేను లోపలికి వచ్చేశాను.

ఆదివారం నేనొక్కదాన్నే చర్చికి వెళ్లొచ్చాను. ఆ తరవాత మూడు రోజులు వంటింట్లో నోరు విప్పలేదు. ప్రార్థన లోపలే చేసుకున్నాను. మీ తాత మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి ఫోను ప్లగ్గులో పెట్టి వెళ్తున్నారు. ఇప్పుడు దానికి ఛార్జింగు సాకు కూడా చెప్పడం లేదు. నేను డబ్బాల మూతలు కూడా చప్పుడు కాకుండా తీశాను. అంత పంతం.

బుధవారం ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“సార్జింగ్ అయిపోనాదేటి?” అన్నాను. ఎత్తిపొడుపే.

“ఏటీ ఇనపడ్డం నేదు.”

“మాటాడితే కదా ఇనపడతాది.”

“అదే సెప్తన్నాను. మాటాడు.”

నేను కూర తిప్పుతూనే ఉన్నాను. ఆయన బియ్యం డ్రమ్ము మీద కూర్చున్నారు. ఆయన వంటింట్లో కూర్చోవడం ఎన్నేళ్లకో.

“ఈ మిషన్లు పెట్టిన రోజు అందరి గొంతులూ రేకు డబ్బాలో గులకరాళ్లలాగున్నాయి,” అన్నారు. “టీవీలోవి, కొడుకువి, మనవరాలు గుంటవి, అన్నీ. తీసి పారేద్దామనుకున్నాను. మొదటి రోజు ఫోను ఇక్కడ పెట్టింది సార్జింగుకే, ఒట్టు. మైకు ఆపడం మర్సిపోనాను. వరండాలో కూకున్నానా, ముందు కుక్కరు ఈల. తరవాత ఎవులో ముసలావిడ నన్ను తిడతంది.”

“ఎవులా ముసలావిడ?”

“నువ్వే. నాను గుర్తు పట్టలేదు.” ఆయన గొంతు తగ్గింది. “నాను ఆఖరుసారి సరిగ్గా ఇన్నప్పుడు నీ గొంతు ఇలగ నేదు. నాకు తెలీకుండా ముసలిదయిపోనాదే. ఎనిమిదేళ్లు. పోయిందంతా ఎలాగూ పోయింది, ఇకనైనా ఇందామని రోజూ ఎట్టినాను.”

పొయ్యి తగ్గించాను.

“మరి నాను నవ్వినాననేది?” అన్నాను. అరవలేదు. మామూలుగానే అన్నాను. ఆయనకు వినపడింది.

“అది నాకు ఆ రోజే తెలుసు.”

“ఎలగ?”

“కళ్లు తెరిసి ముందు నీ ఏపే సూసినాను కదా. పైట అడ్డం ఎట్టుకుంటే బుజాలు దాగుతాయేటి?”

గరిటె కూరలోనే వదిలేశాను. “మరి రెండేళ్లు మోకాళ్లు మోకాళ్లు అని…”

“మిగతా ఆళ్లు నవ్వితే నాకేటి? రైల్లో తిరిగినోణ్ణి, ఎన్ని నవ్వులు సూడలేదు.” నా వైపు తిరిగారు. “నువ్వు నవ్వినావనే రాలేదు.”

తల్లీ, ఆ మాట రాశావా? రాయి. అది ఉండాలి.

క్షమించమని నలభై ఏళ్లు కాపురం చేసిన మొగుడితో ఏ భాషలో అంటారో నాకు తెలియదు. దేవుడితోనైతే చెప్పేశాను. ఆయన విన్నారు కూడా. వరండాలోంచి ఆమేన్ కూడా అన్నారు. మళ్లీ చెప్పబోయాను.

“ఒగ్గేయ్. సెప్పీసినావు, ఇన్నాను. అయిపోనాది,” అన్నారు. లేచి నా పక్కకొచ్చి కూరలోకి తొంగి చూశారు. “ఎండ్రొయ్యలు ఎయ్యలేదేటి? పోయిన వారం దేవుడికి సెప్పినావు కదా, ఎండ్రొయ్యలు తేవాలని. తెచ్చినాను. ఆ మూల డబ్బాలో ఉన్నాయి.”

చూస్తే నిజంగానే ఉన్నాయి.

ఆదివారం నేనే అడిగాను, నోటితో, ఆయన్నే. “ఒస్తారేటి?”

“పాట ఎక్కడ ఆగుతాదో నాకు ఇప్పుటికీ తెలీదే. అంత పెద్ద గదిలో అందరి గొంతులూ కలిసి గోలలాగుంటాది. ఫోను పాస్టరు గారి కాడ పెడతానంటంది గుంట.”

“పాస్టరు గారి కాడొద్దు. నా కాడ ఉంచుతాను. నా గొంతొకటే ఇనండి. నాను మొదలెడితే మొదలెట్టండి, నాను ఆపితే ఆపండి.”

ఆయన నా మొహం వైపు చూశారు. “మరి ఆపడం మర్సిపోతే?”

“ఇద్దరం పాడదాం.”

నువ్వు కూడా ఆ రోజు నా పక్కనే ఉన్నావు, కానీ నువ్వు చూసింది వేరు, నేను చూసింది వేరు. రాసుకో. ఒకే టోటోలో వెళ్లాం. ఆయన మగవాళ్ల వైపు మూడో బెంచీ చివర కూర్చున్నారు. పక్కనున్న పిల్లాడొకడు కొంచెం జరిగాడు. నేను ఫోను పాటల పుస్తకం మధ్యలో పెట్టి, పుస్తకం నోటికి దగ్గరగా పట్టుకున్నాను. పాట మొదలైంది. మొదటి చరణంలో ఆయన పెదాలు కదల్లేదు, వింటున్నారు. రెండో చరణంలో అందుకున్నారు. ఆ గొంతు కూడా ముసలిదైపోయింది తల్లీ. నేనూ ఆ సంగతి రెండేళ్లు గమనించలేదు. ఆయన నా గొంతు పట్టుకుని పాడుతున్నారు, నేను ఆయన గొంతు పట్టుకుని పాడుతున్నాను, మధ్యలో అంతమంది.

ఆఖరి చరణం వచ్చింది. పల్లవి అయ్యింది. నేను ఆపాను. అటు పక్క ఆయన ఒక్క రవ్వంత వెనకగా, ఆ మిషన్ల ఆలస్యం అది, ఆపారు. ఎవరూ తల తిప్పలేదు. పాస్టరుగారు ప్రార్థిద్దాం అన్నారు, అందరూ తలలు వంచారు.

నేను వంచలేదు. అటే చూస్తున్నాను. మీ తాత చొక్కా కాలరు వెనక మడత పడి ఉంది. పుస్తకంలోకి వంగి మెల్లగా అన్నాను: “ఏవండీ, కాలరు సరి సేసుకోండి.”

అంత దూరంలో, కళ్లు మూసుకునే, ఆయన చెయ్యి పైకి లేచి కాలరు సరిచేసుకుంది.

పక్కనున్న వదిన నా మోకాలు పొడిచింది. “ఒదినా, ఎవులితో మాటాడతన్నావు?”

“ప్రార్థన సేస్తన్నాను,” అన్నాను.